రోటర్‌డామ్ మూడో అంతస్తులో నల్లకారం

హాలండ్ వెళ్ళి ఏం బావుకున్నావని మావాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. వాళ్ళకి కావలసిన జవాబేమిటో ఆ అడగడంలోనే తెలిసిపోతుంది. పొలం కొన్నావా, గుంటూరు బ్రాడీపేటలో ఫ్లాటు తీసుకున్నావా, అమ్మాయి పేర ఏమన్నా వేశావా. ఆ లెక్కలు నేను చెప్పను. డబ్బు చూడాలనుకుంటే యూరప్ దాకా ఎందుకు, సీజన్లో మా మిర్చి యార్డు గేటు దగ్గర కాసేపు నిలబడితే చాలు. నేను బావుకున్నది వేరే. చెబుతాను, ఒప్పుకోవడం మీ ఇష్టం. ఒప్పుకోకపోతే వాదనకి నేను సిద్ధమే. ఆ అలవాటు నాకు గుంటూరులోనే అయింది. దాన్ని కొనుక్కునే మనుషులు కూడా ఉంటారని తెలిసింది మాత్రం రోటర్‌డామ్‌లో.

కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్ళయి, పిల్ల బడికి వెళ్ళే వయసు వచ్చాక నేను మిరపకాయలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో పరీక్షల గదికి చేరాను. గది అంటే గదే. ఒక తూకం, ఒక ఓవెను, కొంత గాజు సామాను, కిటికీ అవతల టిక్కీల గుట్టలు. టిక్కీ అంటే మా దగ్గర మిరపకాయల బస్తా. తొంభైల చివరికి వచ్చేసరికి యూరప్‌లో కొనేవాళ్ళు గట్టిగా అడగడం మొదలుపెట్టారు, కాయలో తేమ ఎంత, బూజు ఉందా, పురుగుమందు వాసన ఉందా అని. మావాళ్ళకి అదొక అర్థంకాని గోల. ఎండిన కాయని బస్తాలోకి తొక్కేటప్పుడు నీళ్ళు చల్లడం మా వైపు తాతల నాటి పద్ధతి. చల్లకపోతే కాయ నుగ్గవుతుంది, ఆ ఘాటుకి కూలీలు నిలబడలేరు. చల్లితే మెత్తబడి ఒద్దికగా కూర్చుంటుంది. కాస్త బరువు కూడా పెరుగుతుందనుకోండి, ఆ మాట ఎవరూ పైకి అనరు. వారాల తరబడి ఓడలో ఉడికాక ఆ తేమలో ఏం పుడుతుందో చెప్పడం నా పని. వినడం ఎవరి పనీ కాదు.

ఒక వేసవిలో హాలండ్ నుంచి ఒకాయన సరుకు చూసుకోవడానికి వచ్చాడు. అక్కడి కంపెనీలో పరీక్షల విభాగానికి పెద్ద. బుగ్గలు ఎండకి కాలిపోయి మా కాయల రంగుకి వచ్చాయి. మా ఓనరు గారు దగ్గరుండి టిక్కీ మూతి విప్పించారు. ఆయన పైనుంచి ఒక గుప్పెడు తీసి వాసన చూసి, బాగుందన్నట్టు తల ఊపాడు. నాకు ఊరుకోవడం రాదు.

"అక్కడ తీస్తే మీకు దొరికేది మేం చూపించాలనుకున్న కాయ. నడుమ నుంచి తీయించండి," అన్నాను ఇంగ్లీషులో.

నడుమ నుంచి తీశారు. మంచి ఎండు కాయని చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల గింజలు గలగలమంటాయి. ఇది పలకలేదు. వంచితే వంగింది, విరగలేదు. హాలండ్ ఆయన కాయని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. ఓనరు గారు నన్నొక్కదాన్నే చూశారు.

ఆయన కారెక్కగానే మొదలైంది. "ఏమ్మా, నీకు జీతం నేనిస్తున్నానా, ఆయనిస్తున్నాడా?"

"మీరేనండీ. అందుకే చెప్పాను. ఇక్కడ నేనంటే మీకు కోపం వస్తుంది. అక్కడ రేవులో వాళ్ళంటే కంటైనరే వెనక్కొస్తుంది."

"ఆడపిల్లకి అంత నోరెందుకమ్మా!"

నలభై ఏళ్ళ దాన్ని ఆడపిల్ల అన్నందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. న్యాయంగా చెప్పాలంటే ఆయన నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. తరవాత ఎవరు సరుకు చూడటానికి వచ్చినా నా గది తలుపు బయట్నుంచి దగ్గరగా వేయించేవారు, అంతే.

ఆ ఏడాది గడవక ముందే హాలండ్ నుంచి కబురు వచ్చింది. వాళ్ళ పరీక్షల గదిలో మసాలా దినుసులు తెలిసిన కెమిస్టు కావాలట. నాతో వాదించే మనిషి కావాలి, ఇక్కడున్నవాళ్ళకి మిరపకాయ గురించి వాదించేంత తెలియదు అన్నాడాయన ఫోన్లో. పుట్టి బుద్ధెరిగాక నా నోటిని అర్హత కింద లెక్కవేసిన మొదటి మనిషి.

సంగతి తెలిసిన మూడో రోజుకల్లా పర్చూరు నుంచి మా వదిన బస్సు దిగింది. మా ఆయనకి అక్క. పొగాకు, మిరప స్వయంగా చేయిస్తుంది. చేలో ఆ చివర ఉన్న కూలీకి ఈ చివర నుంచి వినబడేట్టు మాట్లాడటం అలవాటైన గొంతు, ఇంట్లోకి వచ్చినా తగ్గదు.

"ఏందమ్మాయ్ నేను వింటున్నది? మొగుడు ఉద్యోగానికి పోతే పెళ్ళాం వెంట పోవటం చూశాం. పెళ్ళాం పోతే మొగుడు వెంట పోవటం ఏంది? అక్కడ మావాడు ఏం చెయ్యాల, నీకు క్యారేజీ కట్టాలా?"

"కడితే తప్పేముంది వదినా? ఇన్నేళ్ళూ నేను కట్టలేదా?"

"నీది వేరు, వాడిది వేరు! వాడు నడిచిపోతుంటే బ్రాడీపేటలో సగం మంది నమస్కారం పెడతారు."

అది నిజమే. మా ఆయన ఒక కోచింగ్ సెంటరులో లెక్కల మాస్టారు. స్కూటరు ఆపితే చాలు, పాన్ షాపు దగ్గర్నుంచి క్లినిక్కు మెట్ల దాకా "మాస్టారూ, నమస్కారమండీ" అని వినబడుతుంది. అందులో డాక్టర్లూ ఉంటారు. అలాంటి మనిషి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముంచుకుని తాగడు. రెండూ ఒకే మనిషిలో ఉండటం మా జిల్లాలో వింతేమీ కాదు.

"రైలుకి ఇంజను ముందుంటుంది వదినా, పెట్టెలు వెనక వస్తాయి. చేరేది ఒకే ఊరు కదా," అన్నాను.

"విన్నావట్రా? నిన్ను పెట్టె అంటోంది!"

మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన తక్కువ మాట్లాడతాడు. ఇంట్లో మాట్లాడే అవకాశం నేనివ్వలేదని వదిన అభిప్రాయం. "నువ్వు వెళ్ళు. ఇక్కడ పరీక్షలు కాగానే సెలవు పెట్టి వస్తాను. మళ్ళీ ఏడు కొత్త బ్యాచ్ మొదలయ్యేదాకా నా సీటు ఉంచుతామన్నారు. అప్పటికి నేనక్కడ ఇమడలేకపోతే ఇద్దరం వచ్చేద్దాం. ఒక్కదానివే ఉంటానని మాత్రం అనకు," అన్నాడు.

ఒప్పుకున్నాను. అమ్మాయి అప్పటికే ఇంజనీరింగ్ హాస్టల్లో ఉంది కాబట్టి ఇక తేలాల్సింది మా ఇద్దరి సంగతే. నా ఉద్యోగం అంతా ఆయన అక్కడ ఇమడటం మీద ఆధారపడి ఉందని తెలిసే విమానం ఎక్కాను.

ఇప్పుడు అక్కడి లాభాల గురించి అడగండి, చెబుతాను. చేరిన వారంలోనే, మీరు కాయని రుబ్బే పద్ధతి తప్పు, మర వేడికి తేమ ఎగిరిపోతోంది అన్నాను పెద్దాయనతో. గుంటూరులో అయితే తరవాతి మాట ఏమొస్తుందో నాకు తెలుసు కాబట్టి భుజాలు బిగించుకుని నిలబడ్డాను. "ఎందుకనుకుంటున్నారు?" అన్నాడు. ఎందుకు! ఎంత చిన్న మాట. మధ్యాహ్నం దాకా వాదించుకున్నాం. చివరికి ఆయనదే రైటని తేలింది, వాళ్ళ మరకి చల్లబరిచే ఏర్పాటుంది, నేను గమనించలేదు. ఆయనే వెళ్ళి ఇద్దరికీ కాఫీ తెచ్చాడు. వాదనలో ఓడిపోయినా కాఫీ దొరికే దేశం అది. నెగ్గినా మొహం చాటేసే చోటు నుంచి వెళ్ళినదాన్ని, ఆ కాఫీ రుచి నాకు తెలుస్తుంది, మీకు తెలియకపోవచ్చు.

ఇంకా ఉన్నాయి. పని గంటలు అయిపోతే లైట్లు ఆర్పి వెళ్ళిపోతారు, ఓనరు ఇంకా కూర్చున్నాడే అని ఎవరూ దిక్కులు చూడరు. జ్వరమొచ్చిందంటే జ్వరమొచ్చిందనే నమ్ముతారు. ఆసుపత్రిలో డాక్టరు నా రోగం గురించి నాకే చెబుతాడు, పక్కనున్న మగాణ్ణి చూస్తూ చెప్పడు. నలభై దాటాక సైకిలు నేర్చుకున్నాను, పడ్డాను, నవ్వినవాడు లేడు. అన్నిటికంటే పెద్దది, మా వైపు కొత్తగా పరిచయమైన ఎవరైనా రెండో మాటగా అడిగే "మీరేమిట్లు?" అన్న కులం ప్రశ్న అక్కడ లేదు. ఏం పని చేస్తారని అడుగుతారు. చెప్పుకోవడానికి నాకో పని ఉంది కాబట్టి ఆ ప్రశ్న నాకు హాయిగా ఉండేది.

స్వర్గమని చెప్పడం లేదు. మధ్యాహ్నం పూట చల్లటి రొట్టె ముక్క తిని భోజనమైందనుకునే జనం. చలికాలం సూర్యుడు ఆఫీసు గుమాస్తాలా వచ్చి సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. నా నల్లచర్మం చూసి మొహం చిట్లించినవాళ్ళూ తగిలారు, నా దగ్గర మాటలు పడ్డారు కూడా. అయినా త్రాసులో వేస్తే ఏ పళ్ళెం దిగుతుందో నాకు సందేహం లేదు. సందేహమల్లా మా ఆయన గురించే.

ఆయన వచ్చాడు. ఏం పని చేస్తారన్న ప్రశ్న నాకెంత హాయో ఆయనకి అంత ముల్లు. ఏమీ చెయ్యనని ఎలా చెబుతాడు? అందుకని అసలు ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. మాది మూడో అంతస్తు. కిటికీ దగ్గర కూర్చుని కింద కాలవలో పడవలు చూసేవాడు. మెట్ల మీద ఎవరైనా ఎదురైతే తల దించుకుని గోడవారగా తప్పుకునేవాడు. ఎదురింట్లో ట్రామ్ నడిపే ఆవిడ ఉండేది, నా వయసే, మా వదిన గొంతే. ఆవిడ పొద్దున్నే పలకరిస్తే ఈయన తలుపు వేసేసుకునేవాడు. తిరుగు టికెట్టు అలమారలో పెట్టాడు, బట్టల కింద కాదు, బట్టల మీద. నేను చీర తీసుకోబోయినప్పుడల్లా కనబడేది. ఏమన్నా అంటే పోట్లాటవుతుంది, అనకపోతే నా ప్రాణం పోతుంది. కొత్త బ్యాచ్ దగ్గరపడుతోంది.

నేను తెచ్చుకున్న కారప్పొడి అయిపోయింది. ఆ విషయం నేను గమనించే లోపలే ఆయన గమనించాడు, పొద్దుగూకులూ ఇంట్లో ఉండేది ఆయనే కదా. ఆయన వచ్చేటప్పుడు వదిన తన చేలో కాయలు సంచీలో కట్టి ఇచ్చింది. సరే, నల్లకారం చేసి నన్ను ఆశ్చర్యపెడదామనుకున్నాడు. జన్మలో పొయ్యి దగ్గర నిలబడని మనిషి. అక్కకి ఫోను చేసి అడిగాడు. ఆవిడ ధనియాలు ఎన్ని గుప్పెళ్ళు, వెల్లుల్లి పొట్టుతో వెయ్యాలా తీసి వెయ్యాలా, చింతపండు ఎప్పుడు, కాయ ఏ రంగుకి తిరగాలి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఒక్కటి చెప్పలేదు. పర్చూరులో మిరపకాయలు వేయించేది దొడ్లో, ఆకాశం కింద. పొగ పొలాల మీదికి పోతుంది. కిటికీలు తియ్యమని చెప్పాలన్న ఆలోచన ఆవిడకెలా వస్తుంది? అడగాలన్న ఆలోచన ఈయనకెలా వస్తుంది? బయట గడ్డకట్టే చలి. కిటికీలన్నీ బిగించి, మూకుడు పెట్టి, పెద్ద మంట మీద వదిన కాయలన్నీ ఒక్కసారే కుమ్మరించాడు. అన్నీ మెట్ల వైపు తెరుచుకునే ఇళ్ళు.

నేను పని నుంచి వచ్చేసరికి వీధిలో ఫైరింజను. మా బిల్డింగు జనమంతా రోడ్డు మీద ఉన్నారు. ఇంటి చెప్పులతో ఒకరు, తుండు చుట్టుకుని ఒకరు, ఎవరి చేతిలోనో పిల్లి. అందరూ దగ్గుతున్నారు, పిల్లి తుమ్ముతోంది. నీలం రంగు దీపం వెలుగు గోడల మీద తిరుగుతోంది. వాళ్ళకి కాస్త దూరంగా మా ఆయన, కోటు కింద లుంగీతో, చేతిలో ఇంకా గరిటెతో నిలబడి ఉన్నాడు.

ట్రామ్ ఆవిడ కళ్ళు మా కాయలంత ఎర్రగా ఉన్నాయి. నన్ను చూడగానే విరుచుకుపడింది. "మీ ఇంట్లోంచేనా? ఏమిటది, విషమా? ఎలుకలకి పెట్టారా, మాకు పెట్టారా?"

నా నోరు తెరుచుకుంది. ఏం అనబోయానో ఇప్పటికీ గుర్తుంది, రాయను. అంతలో మా ఆయన ముందుకొచ్చాడు.

"నువ్వాగు," అన్నాడు నాతో. పెళ్ళయిన తరవాత ఆ మాట అనడం అదే మొదలు. ఆశ్చర్యంతో ఆగిపోయాను.

గరిటె పైకెత్తాడు. అది సుద్దముక్క పట్టుకునే పద్ధతి. వెనక బెంచీ దాకా వినబడే గొంతుతో, నిదానమైన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "అందరూ వినండి. తప్పు నాదే. నేను గుంటూరు అనే ఊరి నుంచి వచ్చాను. అక్కడ దీన్ని ఆరుబయట వేయిస్తారు. ఆరుబయట అన్న సంగతి ఇప్పటిదాకా నాకు పట్టలేదు, ఎందుకంటే నేనెప్పుడూ వేయించలేదు. తినడమే తెలుసు. ఇవాళ మొదటిసారి."

దగ్గులు కొంచెం తగ్గాయి. ఫైరింజను మనిషి ముసుగు పైకి తీసి, కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు. "ఆగండి. దీన్ని తింటారా?"

"అన్నంలో. నెయ్యి వేసుకుని."

"స్వచ్ఛందంగానా?"

ముందు ఆ తుండు చుట్టుకున్న మనిషి నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, ఆ దగ్గుకి పక్కవాళ్ళు నవ్వారు. ట్రామ్ ఆవిడ మాత్రం నవ్వలేదు, చేతులు కట్టుకుని నిలబడింది. "మీరు రోజంతా ఇంట్లోనే ఉంటారు. మా ఊపిరి తీయడం కాక ఇంకేం పని చేస్తారు?"

అదే ప్రశ్న. నేను ఊపిరి బిగపట్టాను. పొగ వల్ల కాదు.

"లెక్కలు చెబుతాను," అన్నాడు. చెప్పేవాణ్ణి అనలేదు, చెబుతాను అన్నాడు.

ఆవిడ చేతులు విడిపోయాయి. "లెక్కలా? భిన్నాలు, శాతాలు అవన్నీనా? పని అయ్యాక నేను పరీక్షకి చదువుతున్నాను. ఒకసారి పోయింది. రేపు తలుపు కొడతాను. ఈసారి తియ్యండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "కిటికీలు కూడా," అంది.

మర్నాడు నిజంగానే పుస్తకం పట్టుకుని, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చింది. పుస్తకం డచ్చిలో ఉంది. ఈయనకి డచ్చి రాదు. ఆవిడ ఇంగ్లీషులో అర్థం చెప్పడం, ఈయన లెక్క చెప్పడం. పాలు, ఉప్పు కొనుక్కోవడానికి మాటలు రాకముందే మా ఆయనకి డచ్చిలో భిన్నం, శాతం, మిగులు వచ్చేశాయి. బ్రాడీపేటలో పిల్లలు మాస్టారు చెప్పింది చెప్పినట్టు రాసుకునేవాళ్ళు. ఈవిడ ప్రతి మెట్టుకీ అడ్డుపడేది. ఎందుకలా, ఇంకోలా చెయ్యకూడదా, మీరు పొరపాటేమో. మొదట్లో ఈయనకి మొహం ఎర్రబడేది. తరవాత తరవాత, ఆవిడ రాని రోజున గుమ్మం వైపు చూసేవాడు. ఆవిడ ఇంకో ఇద్దరు ట్రామ్ డ్రైవర్లని తీసుకొచ్చింది. వాళ్ళకి టీ పెట్టడం ఈయనే నేర్చుకున్నాడు. నా క్యారేజీ కూడా కట్టాడు, అది వదినకి చెప్పొద్దన్నాడు. ఆ దగ్గర్లో పెద్దవాళ్ళకి పాఠాలు చెప్పే సాయంత్రపు బడి ఉంది. అక్కడివాళ్ళు ఈ సంగతి విని, రమ్మని పిలిచి, కాగితాలు చూసి పెట్టుకున్నారు.

ఇదీ నేను చెప్పే లాభం. నాకు నోరుందని గుంటూరులో అందరికీ తెలుసు, ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆయనకి ఉన్న గౌరవం చుట్టూ అంతమంది నిలబడి నమస్కారాలు పెడుతుంటే, అది లేకుండా తను ఎవరో చూసుకునే అవసరం ఆయనకి రాలేదు. రెండూ ఊరు దాటితేనే తేలాయి. ఊళ్ళోనే ఉండి తేల్చుకోవచ్చుగా అంటారా? తేల్చుకోండి, నేను వద్దన్నానా!

కొత్త బ్యాచ్ మొదలయ్యే రోజులొచ్చాయి. ఒక ఆదివారం వదిన ఫోను చేసింది. నేను స్పీకరు నొక్కాను, నొక్కకపోయినా వినబడేది.

"ఏరా, మీ సెంటరు వాళ్ళు నాకు ఫోను చేస్తున్నారు. ఎప్పుడొస్తున్నావు?"

మా ఆయన కిటికీ వైపు చూశాడు. నేను గిన్నె తోముతున్నదాన్ని తోముతున్నట్టే ఉన్నాను, చేతులు మాత్రం ఆగిపోయాయి. నోరు మూసుకుని ఉండటం ఎంత కష్టమైన పనో ఆ నిమిషంలో తెలిసింది.

"సీటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని నిన్ననే చెప్పానక్కా. ఇక్కడ బ్యాచ్ మొదలైంది."

"ఇక్కడ బ్యాచ్ ఏందిరా? అక్కడ నీకు బ్యాచ్ ఎట్టా వచ్చింది?"

అప్పుడు చెప్పాడు, మూకుడు దగ్గర్నుంచి మొదలుపెట్టి. ఫైరింజను దాకా వచ్చేసరికి వదిన మధ్యలోనే ఆపింది.

"అంటే," అంది, "నేను కిటికీ తియ్యమని చెప్పుంటే నువ్వు వచ్చేసేవాడివా?"

"వచ్చేసేవాణ్ణేమో."

"అయితే నేనే కదంట్రా నిన్ను అక్కడ పెట్టింది! అమ్మాయ్, వింటున్నావా? నువ్వు కాదు, నేను!"

"విన్నాను వదినా. మీరే," అన్నాను. వాదించకుండా వదిలేసిన వాదన నా జీవితంలో అదొక్కటే ఉంటుంది.

"సరే ఉండండి మరి. ఈసారి కాయ బాగా పండింది, ఎవరన్నా వస్తుంటే ఇంకో సంచీ పంపుతా. కిటికీలన్నీ తీసి వేయించుకోండి. వాళ్ళూ మనుషులేగా."